యూరప్ కోటలు ఎలా బతికాయి? కామారెడ్డి, ఎల్లారెడ్డిలో రెండు రోజుల సోలో ట్రిప్ చెప్పిన జవాబు

 

మన యూరప్ సోలో ట్రిప్ సిరీస్ కింద వచ్చిన కామెంట్లన్నీ కూర్చుని చదివాను. రోమ్ వీడియో కింద, కొలోన్ వీడియో కింద, ఫ్రాన్స్‌లో కార్కసాన్ కోట వీడియో కింద, మూడు చోట్లా ఎక్కువ మంది రాసింది ఒకటే మాట. "అన్నా, వాళ్లు చరిత్రని ఎంత బాగా దాచుకున్నారు! మన దగ్గర ఏముంది?"

ఈ మాటలో రెండు భాగాలున్నాయి. మన దగ్గర ఏమీ లేదనేది ఒకటి. వాళ్లు మొదటి నుంచీ దాచుకున్నారనేది రెండోది. మొదటిది తప్పు. రెండోది సగమే నిజం. ఈ ఎపిసోడ్‌లో రెండూ మాట్లాడుకుందాం.

మాది కామారెడ్డి జిల్లానే. బీటెక్ అయ్యాక ఐదేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసి, తర్వాత ఈ వీడియోల్లోకి వచ్చాను. యూరప్‌లో ఏ పాత కట్టడం ముందు నిలబడ్డా మూడు ప్రశ్నలు వేసుకునేవాడిని. ఎవరు కట్టారు? ఇన్నేళ్లు ఎందుకు నిలబడింది? ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు? ఈసారి బైక్ తీసుకుని, రెండు రోజులు, ఒక్కడినే, అవే మూడు ప్రశ్నలతో మా జిల్లా తిరిగాను. దోమకొండ, ఎల్లారెడ్డి, నిజాంసాగర్, కౌలాస్, పోచారం, చివర్లో పక్క జిల్లా మెదక్.

ఈ రోడ్డు మీద మనకంటే ముందు వెళ్లిన యాత్రికుడు

ట్రావెల్ వ్లాగింగ్ మన జనరేషన్ కనిపెట్టింది అనుకుంటాం కదా. 1830 మే నెలలో మద్రాసు నుంచి ఏనుగుల వీరాస్వామయ్య అనే తెలుగాయన కాశీకి బయల్దేరాడు. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగి. 1831 సెప్టెంబర్‌లో తిరిగి ఇల్లు చేరాడు. దాదాపు పదిహేను నెలల ప్రయాణం. దారి పొడవునా ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, నీళ్లెలా ఉన్నాయి, దారి ఎలా ఉంది, మనుషులెలా ఉన్నారు అని రాసుకుంటూ పోయాడు. అదే తర్వాత 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో 1838లో అచ్చయింది. తెలుగులో యాత్రా రచన అంటే మొదట చెప్పుకునే పుస్తకం ఇదే.

హైదరాబాద్ దాటాక ఆయన దారి ఎటు పోయిందో తెలుసా? నిర్మల్ మీదుగా నాగపూర్ వైపు. అంటే మన బిక్కనూరు, కామారెడ్డి మీదుగానే. ఇప్పుడు మనం 44వ నంబర్ జాతీయ రహదారి మీద గంటకి ఎనభై కిలోమీటర్లతో దూసుకెళ్తున్న దిక్కులోనే ఆయన పరివారంతో, బోయీలతో వెళ్లాడు. ఆయన సోలో కాదు లెండి, వెంట పెద్ద బృందమే ఉంది. కానీ చూసింది చూసినట్టు రాశాడు. అందుకే రెండొందల ఏళ్ల కిందటి మన దారులు ఎలా ఉండేవో ఇవాళ మనకి తెలుస్తోంది.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. రాసి పెట్టినది మిగులుతుంది. చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మొదటి స్టాప్: దోమకొండ గడి

కామారెడ్డి అనే పేరు ఎక్కడిది? దోమకొండ సంస్థానాన్ని 1600 నుంచి 1640 దాకా ఏలిన చిన్న కామిరెడ్డి పేరు మీదే ఈ ఊరికి ఆ పేరు వచ్చిందని చెప్తారు. అంటే ఈ జిల్లా పేరు వెనక ఉన్న కథ జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో కాదు, హైవే నుంచి లోపలికి వెళ్తే వచ్చే దోమకొండలో ఉంది.

దోమకొండ కోటని మా దగ్గర 'గడి' అంటారు. తెలంగాణలో గడి అనే మాట వినగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది భయం. దొర, వెట్టి, పన్నులు, ఇవన్నీ ఆ మాటతో పాటే వస్తాయి. ఆ చరిత్రని పక్కన పెట్టేసి "వావ్, ఎంత బాగుందో" అని రీల్ చేస్తే అది సగం చరిత్రే. ఆ గోడల రాయి ఎవరో మోసినది. గోడ అందం నిజమే, మోసిన చేతులూ నిజమే. రెండూ చెప్పుకోవాలి.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. చుట్టూ కందకం, రాతి గోడ, బురుజులు, పెద్ద దర్వాజా. లోపల కాకతీయుల కాలం పోలికలున్న మహాదేవుడి గుడి. నల్లరాతి స్తంభాలు, లోపల చల్లగా ఉంటుంది. దాటి వస్తే అద్దాల మేడ. ఆర్చీలు, స్తంభాలు, గోడల మీద సున్నంతో చేసిన పనితనం. ఒకే ఆవరణలో అటు కాకతీయుల శైలి, ఇటు నిజాం కాలపు అభిరుచి. కొన్ని వందల ఏళ్లు పది అడుగుల్లో దాటేస్తాం.

ఈ కోట ఇలా నిలబడటానికి కారణం ఉంది. ఇది కామినేని కుటుంబానికి చెందిన కోట. ఉపాసన కొణిదెల పుట్టింటి వాళ్లు అంటే మీలో చాలామందికి వెంటనే అర్థమవుతుంది. ఒక దశలో శిథిలమైపోతున్న కట్టడాన్ని ఆ కుటుంబం పట్టించుకుని, నిపుణులతో, స్థానిక పనివాళ్లతో ఏళ్ల తరబడి బాగు చేయించింది. 2022లో ఈ పనికి యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో 'అవార్డ్ ఆఫ్ మెరిట్' వచ్చింది. ఆ ఏడాది ముంబై బైకుల్లా రైల్వే స్టేషన్‌కి కూడా ఇదే అవార్డు వచ్చింది. అదే లిస్టులో మన గోల్కొండ మెట్ల బావులు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక టెక్నికల్ విషయం చెప్పాలి, ఇంజినీరింగ్ చదివినందుకు ఆ మాత్రం చెప్పకపోతే ఎలా! పాత గోడలకి సిమెంట్ ప్లాస్టర్ కొట్టకూడదు. ఎందుకు? పాత కట్టడం సున్నం మీద నిలబడింది. సున్నం గోడ ఊపిరి పీల్చినట్టు ఉంటుంది, వానాకాలంలో లోపలికి పోయిన తేమ ఎండాకాలంలో బయటికి వచ్చేస్తుంది. పైన సిమెంట్ కొడితే ఆ తేమ లోపలే ఇరుక్కుంటుంది. పైకి గోడ కొత్తగా కనిపిస్తుంది, లోపల సున్నం పిండి పిండి అయిపోతుంది. మన ఊళ్లలో ఎన్నో పాత గుళ్లకి ప్రేమతోనే సిమెంట్, ఆయిల్ పెయింట్ వేసి, అదే ప్రేమతో పాడు చేస్తున్నాం. దోమకొండలో పాత పద్ధతి తెలిసి పని చేశారు కాబట్టి ఆ గోడలు ఇంకా నిలబడతాయి.

సో మొదటి జవాబు: దోమకొండని నిలబెట్టింది ఒక కుటుంబం. సొంతవాళ్లున్నారు, వాళ్ల దగ్గర స్తోమత ఉంది.

రెండో స్టాప్: నిజాంసాగర్

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి. దారి సగం అడవి, సగం చెరువులు. ఎల్లారెడ్డిలో టిఫిన్ చేసి నిజాంసాగర్ వైపు బండి తిప్పాను.

ఈ డ్యామ్ కథ 1908 నుంచి మొదలుపెట్టాలి. ఆ ఏడాది సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. ఆ దెబ్బ తర్వాతే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ వచ్చాయి. నీటి పనుల మీద నిజాం ప్రభుత్వం పెద్ద ఎత్తున డబ్బు పెట్టిన కాలం అది. మంజీరా నది మీద, అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది.

దీని వెనకున్న ఇంజినీర్ పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. హైదరాబాద్‌లో చదువుకుని, 1896లో నిజాం ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో ఇంగ్లాండ్ వెళ్లాడు. అక్కడ కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి తిరిగొచ్చాడు. ఆయన పుట్టినరోజు జూలై 11ని తెలంగాణ ఇంజినీర్స్ డేగా జరుపుతున్నాం.

ఒక్కసారి ఆలోచించండి. మనం యూరప్ వెళ్లి ఫ్రిజ్ మీద అంటించే మాగ్నెట్లు తెచ్చుకుంటున్నాం. ఈయన యూరప్ వెళ్లి డ్యామ్ కట్టే విద్య తెచ్చాడు. దాదాపు మూడు కిలోమీటర్ల రాతికట్ట, పైన బండి పోయేంత రోడ్డు. కింద లక్షల ఎకరాలకి నీళ్లు. ఆ నీళ్లతో చెరకు పండింది, ఆ చెరకుతో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచింది. ఆ నీళ్ల కోసమే కోస్తా నుంచి రైతు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. బాన్సువాడ, వర్ని వైపు ఊరి పేర్ల చివర 'క్యాంప్' అని ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమైందా? ఒక్క డ్యామ్ ఒక ప్రాంతపు తిండిని, భాష యాసని, పెళ్లి సంబంధాలని కూడా మార్చేసింది.

కానీ నీళ్ల కింద ఇంకో కథ ఉంది. ఈ డ్యామ్ కోసం 40 ఊళ్లు ఖాళీ చేయించారు. నలభై ఊళ్లు! గుడి, మసీదు, బొడ్రాయి, బావి, పొలం, శ్మశానం, అన్నీ. యూరప్‌లో ఒక వీధి మూలన బాంబు పడితే అక్కడ చిన్న ఫలకం పెట్టి ఏ ఇల్లు ఉండేదో రాసే అలవాటు చాలా నగరాల్లో చూశాను. కట్ట మీద అటు చివర నుంచి ఇటు చివర దాకా నడిచాను. ఆ నలభై ఊళ్ల పేర్లు వరుసగా రాసిన బోర్డు నా కంటికి ఎక్కడా కనబడలేదు.

కట్ట దగ్గర చేపలు వేయించే అక్క బండి దగ్గర ఆగాను. "అక్కా, ఈ నీళ్లల్ల ఊళ్లు మునిగినయట కదా, మీకేమన్న ఎరుకనా?" అని అడిగా. చేప తిప్పుతూనే చెప్పింది. "మా అత్తమ్మ వాళ్ల అవ్వది గా మునిగిన ఊరేనట తమ్మీ. ఎండాకాలం నీళ్లు ఎనుకకు వోతే గోడలు కనవడ్తయని చెప్తుండె. పేరు మాత్రం నాకు యాదికి లేదు."

మూడు తరాలు. పేరు పోయింది.

డ్యామ్ వయసు కూడా చెప్పాలి. మొదట్లో 29 టీఎంసీలకి పైగా నీళ్లు పట్టేది. పూడిక చేరీ చేరీ ఇప్పుడు 17.8 టీఎంసీలకి వచ్చింది. పైన సింగూరు కట్టాక వచ్చే నీళ్ల లెక్క కూడా మారింది. అయినా నిజాంసాగర్ ఇవాళ్టికీ పని చేస్తోంది, గేట్లు ఎత్తుతారు, కాలువల్లోకి నీళ్లు వదులుతారు.

సో రెండో జవాబు: నిజాంసాగర్‌ని నిలబెట్టింది అవసరం. రైతుకి నీళ్లు కావాలి కాబట్టి దాన్ని వదిలేసే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు.

మూడో స్టాప్: కౌలాస్

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పిట్లం దాటి జుక్కల్ వైపు వెళ్తే మూడు రాష్ట్రాలు కలిసే మూలకి దగ్గరవుతాం. ఇటు తెలంగాణ, అటు మహారాష్ట్ర, కర్ణాటక. అక్కడ గుట్ట మీద కౌలాస్ కోట.

దీని వయసు, స్థాయి ఏంటో ఒక్క ఉదాహరణతో చెప్తాను. కాకతీయ ప్రతాపరుద్రుడి తర్వాత ఓరుగల్లుని మళ్లీ నిలబెట్టిన ముసునూరి కాపయ నాయకుడి గురించి విన్నారు కదా. కొత్తగా పుట్టిన బహమనీ సుల్తాన్ 1350 ప్రాంతంలో ఆయన మీదికి వచ్చాడు. అప్పుడు సంధి కోసం కాపయ నాయకుడు వదులుకున్న కోట కౌలాస్. ఆ తర్వాత పదేళ్లు దాటాక, ఇంకో యుద్ధం తర్వాత వదులుకున్నది గోల్కొండ. అంటే ఒకప్పుడు రాజులు గోల్కొండతో సమానంగా బేరం పెట్టిన కోట ఇది. గోల్కొండకి ఇవాళ టికెట్ ఉంది, సౌండ్ అండ్ లైట్ షో ఉంది. కౌలాస్‌కి?

బహమనీల తర్వాత కుతుబ్‌షాహీలు, మొఘలులు, అసఫ్‌జాహీలు. చివర్లో రాజపుత్ర వంశం వాళ్లు ఏలారు. 1857 తిరుగుబాటు గురించి స్కూల్లో మీరట్, ఢిల్లీ, ఝాన్సీ చదువుకున్నాం. హైదరాబాద్ అంటే తుర్రెబాజ్ ఖాన్ పేరు వింటాం. కౌలాస్ పేరు ఎవరూ చెప్పరు. నానా సాహెబ్ వైపు నుంచి కబురు తీసుకుని రంగారావు అనే పట్వారీ ఈ ప్రాంతానికి వచ్చాడు. జనాన్ని కూడగట్టే ప్రయత్నం చేశాడు. కౌలాస్ రాజా దీప్ సింగ్ ఆ కుట్రలో భాగస్వామి అని కేసు పెట్టారు. దీప్ సింగ్‌కి జైలు శిక్ష పడింది. రంగారావుని అండమాన్‌కి పంపించారు, అక్కడే చనిపోయాడు. మన జిల్లాలో ఒక మారుమూల గుట్ట మీది కోటకి ఆ మహా తిరుగుబాటుతో ఇంత సంబంధం ఉంది.

ఇప్పుడు ఆ కోట ఎలా ఉంది? దర్వాజాలు గంభీరంగానే ఉన్నాయి. బురుజులు ఉన్నాయి, పాత ఫిరంగులు ఉన్నాయి. కానీ గోడల సందుల్లోంచి చెట్లు మొలిచాయి. వేరు లావయ్యే కొద్దీ రాయి జరుగుతుంది, రాయి జరిగితే వాన నీళ్లు లోపలికి పోతాయి, ఆ తర్వాత గోడ ఒక్కసారే కూలుతుంది. రాళ్ల మీద ప్రేమజంటల పేర్లు, గుండె బొమ్మలు. ఇక గుప్తనిధుల పిచ్చి. రాత్రి పూట వచ్చి తవ్విన గుంతలు.

మేకలు తోలుకొచ్చిన ఒక తాత కలిశాడు. నన్ను, నా చేతిలో కెమెరాని చూసి ముందుగా అడిగిన మాట: "యాడికెళ్లి అచ్చినవ్ బిడ్డా? తవ్వనీకి గిట్ల కాదు గదా?"

నవ్వొచ్చింది, కానీ ఆ ప్రశ్న చాలాసేపు గుచ్చుకుంది. కోటకి వచ్చే కొత్త మనిషి అంటే ఆ తాత దృష్టిలో చూడటానికి వచ్చినవాడు కాదు, తవ్వడానికి వచ్చినవాడు.

"కాదు తాతా, చూసి పోదామని వచ్చిన" అన్నాను.

"ఏం జూస్తవ్, అంతా పాడువడ్డది" అన్నాడు. అని ఊరుకోలేదు. మేకల్ని వదిలేసి నాతో గంటసేపు తిరిగాడు. ఈ దర్వాజా నుంచి ఏనుగులు వచ్చేవట, ఈ గుంటలో నీళ్లు ఎండాకాలం కూడా ఎండవు, ఈ గోడ నా చిన్నప్పుడు ఇంత ఎత్తు ఉండె, అని చేత్తో చూపించాడు. ఏ ఆడియో గైడ్ ఇంత బాగా చెప్పదు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "మల్లోపాలి దోస్తులను తోల్కరా" అన్నాడు. అంతే.

సో మూడో జవాబు: కౌలాస్‌ని నిలబెట్టేవాళ్లు ఇంకా లేరు. దోమకొండకి కుటుంబం ఉంది, నిజాంసాగర్‌కి రైతు ఉన్నాడు, కౌలాస్‌కి మేకలు కాసే తాత ఉన్నాడు.

యూరప్ మాత్రం మొదటి నుంచీ దాచుకుందా?

ఇప్పుడు మీ కామెంట్‌లో రెండో సగానికి వద్దాం.

రోమ్‌లో కొలోసియం చూశాం కదా, ఒకవైపు సగం విరిగి ఉంటుంది. 1349 భూకంపంలో చాలా భాగం కూలింది. కూలిన రాళ్లని రోమ్ వాళ్లు మ్యూజియంలో పెట్టారా? లేదు. వందల ఏళ్ల పాటు దాన్ని రాళ్ల క్వారీలా వాడుకున్నారు. వేరే భవనాలకి మోసుకుపోయారు. అదే ఊళ్లో పాంథియన్ చూడండి, దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల గుమ్మటం, చెక్కుచెదరలేదు. తేడా ఏంటి? 609లో దాన్ని చర్చిగా మార్చారు. రోజూ మనుషులు వచ్చారు, కారితే బాగు చేశారు. నిజాంసాగర్ లాజిక్కే! వాడుకలో ఉన్నది బతికింది.

కొలోన్ కేథడ్రల్ 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. మధ్యలో దాదాపు మూడొందల ఏళ్లు పని ఆగిపోయి, సగం కట్టిన గోపురం మీద క్రేన్ అలాగే ఉండిపోయింది. మన దగ్గర ఫ్లైఓవర్ ఐదేళ్లు ఆగితే మీమ్స్ వేస్తాం.

ఇక కార్కసాన్. ఆ వీడియోకే మీరు ఎక్కువ లైకులు కొట్టారు. రెండు వరసల గోడలు, కోన్ లాంటి టోపీలున్న బురుజులు, సినిమా సెట్‌లా ఉంది అన్నారు. 1849లో ఫ్రెంచ్ ప్రభుత్వం దాన్ని కూల్చేయాలని నిర్ణయం తీసుకుందని తెలుసా? సైన్యానికి పనికిరాదు, గోడలకి ఆనుకుని పేదల గుడిసెలు, జనం రాళ్లు పీక్కుపోతున్నారు. అచ్చం మన కౌలాస్ లాంటి పరిస్థితి. అప్పుడు అడ్డం పడింది రాజు కాదు. ఆ ఊరివాడే అయిన క్రో మేరవియేల్ అనే చరిత్రకారుడు పోరాడాడు, రచయిత మెరిమే గొంతు కలిపాడు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1853 నుంచి వయొలే లె డ్యూక్ అనే ఆర్కిటెక్ట్ చేతుల మీదుగా మరమ్మతులు మొదలయ్యాయి. 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇవాళ మనం వీసా తీసుకుని, టికెట్ కొనుక్కుని చూసి వస్తున్నాం.

అర్థమైందా? కౌలాస్ ఇవాళ ఉన్న చోట కార్కసాన్ 1849లో ఉంది. వాళ్ల రక్తంలో చరిత్ర ఏమీ ప్రత్యేకంగా లేదు. సరైన టైమ్‌లో ఒక ఊరివాడు "ఆగండి" అన్నాడు. అంతకుముందే ఆ ఊరి చరిత్రని చదివి, రాసి పెట్టుకున్నాడు కాబట్టి ఆయన మాటకి బలం వచ్చింది.

చివరి స్టాప్: పోచారం, మెదక్

రెండో రోజు మధ్యాహ్నం ఎల్లారెడ్డి వైపు తిరిగొచ్చి నాగిరెడ్డిపేట మీదుగా పోచారం. ఆలేరు వాగు మీద 1916 నుంచి 1922 మధ్య కట్టిన ప్రాజెక్టు. నిండితే నీళ్లు కట్ట మీద నుంచే దుంకుతాయి. మా దగ్గర దాన్ని 'మత్తడి దుంకుడు' అంటాం. పక్కన అడవి ఒకప్పుడు నిజాం వేటకి వచ్చిన చోటు, ఇప్పుడు అభయారణ్యం.

2025 ఆగస్టు చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. కామారెడ్డి జిల్లాలో కొన్ని చోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. పట్టణంలో కాలనీలు మునిగాయి, హైవే తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ రాత్రి అందరి ప్రాణాలు పోచారం మీదే ఉన్నాయి. ఎప్పుడో వందేళ్ల కిందట వేసుకున్న లెక్కకి మించిన వరద వచ్చింది. కట్ట పక్కన మట్టి భారీగా కోసుకుపోయింది. కింది ఊళ్లని ఖాళీ చేయించారు. కట్ట మాత్రం నిలబడింది.

వందేళ్ల నాటి రాళ్లు, సున్నం. ఆ రోజు అది టూరిస్ట్ స్పాట్ కాదు, కింద ఉన్న ఊళ్లకి ప్రాణం. పాత కట్టడాల్ని చూసుకోవడం అంటే సెంటిమెంట్ అనుకునేవాళ్లు పోచారం కట్ట మీద ఒకసారి నిలబడి కోత పడిన ఆ చోటు చూడాలి.

అక్కడి నుంచి మెదక్ దగ్గరే. 1914లో మొదలై 1924 క్రిస్మస్‌కి ప్రారంభమైన కేథడ్రల్. కరువు కాలంలో చార్లెస్ పోస్నెట్ అనే మిషనరీ పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన చర్చి. గోపురం 175 అడుగులు. డిజైన్ ఇంగ్లాండ్ వాళ్లది, గోథిక్ పద్ధతి. రాయి మనది, చెమట మనవాళ్లది. సాయంత్రం ఎండ పడమటి కిటికీ అద్దాల మీద పడితే రంగులు లోపల పరుచుకుంటాయి. యూరప్ వెళ్లేంత బడ్జెట్ లేదు అన్నా అని మెసేజ్ పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు ఇక్కడికి వెళ్లండి. చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి, అది మాత్రం యూరప్ చర్చిల్లో ఉండదు.

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద స్పీచ్ వద్దు. మన చేతిలో ఫోన్ ఉంది కదా, దానితో అయ్యే మూడు పనులు చెప్తాను.

ఒకటి. కౌలాస్ లాంటి చోటికి వెళ్తే మీ సెల్ఫీతో పాటు గోడ ఫోటో కూడా తీయండి. దర్వాజా, శాసనం, పగులు, మొలిచిన చెట్టు. తేదీ, చోటు వచ్చేలా పెట్టండి. పదేళ్ల తర్వాత ఆ గోడ కూలితే, ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం అదే. తిరిగి కట్టాలన్నా ఆ ఫోటోలే ఆధారం.

రెండు. గుప్తనిధుల పేరుతో తవ్వుతున్నారని తెలిస్తే పోలీసులకి చెప్పండి. మీ ఊరి పాత గుడికి సిమెంట్ కొట్టిద్దాం అని పెద్దలు అంటే, తెలిసినవాళ్లని ఒకసారి అడుగుదాం అని మర్యాదగా చెప్పండి. చిన్నపిల్లలు చెప్తే వింటారా అనుకోకండి, అడిగి చూడండి.

మూడు. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. మీ తాత, నానమ్మ, అమ్మమ్మ నిజాంసాగర్ చుట్టుపక్కల వాళ్లయితే ఈ ఆదివారం ఫోన్ చేయండి. "అవ్వా, నీళ్లల్ల మునిగిన ఊరి పేరేంది? అక్కడెవరెవరు ఉండె?" అని అడగండి. రికార్డ్ చేయండి. 1931లో డ్యామ్ పూర్తయింది. ఆ ఊళ్లని కళ్లతో చూసినవాళ్లు దాదాపు వెళ్లిపోయారు. విన్నవాళ్లు మాత్రమే మిగిలారు. వాళ్లూ వెళ్లిపోతే నలభై ఊళ్లు రెండోసారి మునుగుతాయి. ఈసారి నీళ్లల్లో కాదు, మన మతిమరుపులో.

వీరాస్వామయ్య రాసుకున్నాడు కాబట్టి 1830 నాటి దారి మనకి మిగిలింది. కార్కసాన్‌లో ఒక మనిషి రాసుకున్నాడు కాబట్టి కోట మిగిలింది. మన దగ్గర రాసేవాళ్లు తక్కువ, రికార్డ్ చేయగలిగేవాళ్లు మాత్రం ఇంటికొకరు ఉన్నారు.

మీకు తెలిసిన మునిగిన ఊరి పేరు ఉంటే కామెంట్‌లో ఊరి పేరు, అది ఇప్పుడు ఏ ఊరికి దగ్గరో రాయండి. అన్నీ ఒక్క చోట చేర్చి, మ్యాప్ వేసి, వచ్చే నెల ఎపిసోడ్‌లో పెడతాను. ఒక్క పేరు వచ్చినా సరే, ఆ ఒక్కదానితోనే మొదలుపెడదాం.

ఉంటాను మరి. బండి మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ మర్చిపోకండి.